లిమిటర్ ఉన్న విలేజ్ హాల్లో 60వ పుట్టినరోజు పార్టీ, ఎనిమిది మంది స్కా బ్యాండు: ముందే ఏం చూసుకోవాలి?

#1 కీబోర్డు కిట్టు

అందరికీ నమస్కారం. ఇంగ్లండు మిడ్‌లాండ్స్‌లో వాయించే స్కా (జమైకాలో పుట్టిన డాన్సు సంగీతం) కవర్స్ బ్యాండు మాది, అంటే పేరున్న పాటలే వాయిస్తాం. డ్రమ్స్, బేసు, గిటారు, కీబోర్డు, ట్రంపెట్, ఆల్టో శాక్స్, ట్రాంబోన్, ఒక గాయకుడు. పబ్బులు అలవాటే. ఇప్పుడు కోవెంట్రీ బయట ఒక విలేజ్ హాల్లో 60వ పుట్టినరోజు పార్టీకి అడిగారు. 45 నిమిషాల సెట్లు రెండు, పీఏ (మిక్సరు, మైకులు, స్పీకర్లు) మాదే, స్టేజి 5 మీటర్ల వెడల్పు, రెండున్నర లోతు. హాలు వాళ్లు పంపిన కాగితంలో "సౌండ్ లిమిటర్, 92 డెసిబెల్స్" అని రాసుంది, అంటే శబ్దం హద్దు దాటితే ఎర్ర లైటు వెలిగి స్టేజి కరెంటు కోసేసే పెట్టె. సరే అనే ముందు ఏమేం తేల్చుకోవాలి?

#2 పీఏ పంతులు

కిట్టూ, ముందు లిమిటర్ సంగతి చూడు. మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. 92 అన్న అంకె ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. హాలు బుకింగు చూసేవాళ్లని ఇవి అడుగు: దాని మైకు స్టేజి నెత్తిమీద ఉందా, హాలు మధ్యలో ఉందా? ఎర్ర లైటు ఎన్ని సెకన్లు వెలిగితే కరెంటు పోతుంది? పోయాక దానంతట అదే వస్తుందా, తాళంచెవితో రీసెట్ చెయ్యాలా? ఆ తాళంచెవి ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? చివరిదే చాలామంది అడగరు. మూడుసార్లు పడిపోతే ఇక తెరుచుకోని రకాలు కూడా ఉన్నాయి. తాళంచెవి ఉన్నాయన ఇంట్లో నిద్రపోతుంటే పార్టీ అక్కడితో అయిపోయినట్టే.

మైకు స్టేజి మీదే ఉంటే 92 చాలా తక్కువ. గట్టిగా వాయించే డ్రమ్ కిట్టు, మీటరు దూరంలో ట్రంపెట్ రెండూ 100 దాటతాయి. అదే మైకు హాలు అవతలి కొసన ఉంటే కాస్త ఊపిరాడుతుంది.

సౌండ్‌చెక్‌లో మొదటి పని పీఏ ఆపేసి, డ్రమ్స్, మూడు హార్న్‌లు మాత్రమే మామూలు జోరులో వాయించి లైటు చూడడం. పీఏ లేకుండానే ఎర్ర లైటు వెలిగిందంటే మిక్సరు ఫేడర్లు తగ్గించి ఏ లాభమూ లేదు, వాయించేవాళ్లే తగ్గాలి. నారింజ దగ్గర ఆగితే మిగిలిన కాస్త జాగాలో గొంతు, కీబోర్డు, బేసు పట్టాలి.

కరెంటు పోతే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. పవర్డ్ స్పీకర్ల స్విచ్చులు వెంటనే ఆపెయ్యాలి, లేకపోతే కరెంటు తిరిగొచ్చిన క్షణాన 'ధబ్'మని కొడుతుంది. మిక్సరు ముందు, స్పీకర్లు ఆఖర్న ఆన్ చెయ్యాలి. డిజిటల్ మిక్సర్ అయితే సీన్ (సెట్టింగులన్నీ) సేవ్ చేసి ఉంచు, లేకపోతే సౌండ్‌చెక్ అంతా గాలికి పోతుంది. కంప్యూటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి మిక్సరుకీ వైర్‌లెస్ రిసీవరుకీ పెడితే ఈ గోలంతా ఉండదు. స్పీకర్లని దానికి తగిలించొద్దు, మోయలేదు.

ఇంకో మాట. జనం చప్పట్లు, ఈలలతో కూడా లిమిటర్ పడుతుంది. పాట అయిపోయాక పడితే అది మీ తప్పు కాదని పార్టీ ఇచ్చేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. వంటింటి సాకెట్ నుంచి వైరు లాగి లిమిటర్‌ని దాటేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. వినొద్దు. డిపాజిట్ పోయేది పార్టీ వాళ్లది, చెడ్డపేరు వచ్చేది మీకు.

#3 రిమ్‌షాట్

కిట్టు అన్నా, డ్రమ్మర్ పని నేను జెప్త. వేరే బ్యాండ్లతోని పోలిస్తె స్కా వాళ్లకి ఇది జర నయమే. పాత జమైకా స్కాల స్నేర్ డ్రమ్ము 2, 4 బీట్ల మీద పడుతది, చానా పాటల్ల దాన్ని క్రాస్‌స్టిక్‌తోనే కొట్టొచ్చు. స్టిక్కు అడ్డం బెట్టి రిమ్ము మీద కొడితె చప్పుడు సగానికి సగం తగ్గుతది, పాట పోకడ మాత్రం చెడది. హైహ్యాట్ (పెడల్‌తోని మూసే జంట సింబల్) గట్టిగ మూసి వాయించాలె, సగం తెరిచి వాయిస్తె అదే అందరికంటె ముందు లైటు ఎర్రగ జేస్తది.

స్టిక్కులకు బదులు రాడ్లు తెచ్చుకోమను. సన్న పుల్లల కట్ట ఉంటది గదా, అది. స్నేర్ మీద చప్పుడు అణిచే జెల్ ముక్కలు రెండు. 22 అంగుళాల కిక్ డ్రమ్ము బదులు 18ది దొరికితె తీసుకపోవాలె, స్టేజి మీద జాగ గూడ మిగులుతది. క్రాష్ సింబల్ ఒక్కటి జాలు, పలుసటిది.

ఇగ టెంపో. పార్టీ ఊపుల 140 బీపీఎం (నిమిషానికి బీట్లు) పాట 155కి పోతది, గాయకునికి మాటలు మింగుడు పడయి. సెట్‌లిస్టుల ప్రతి పాట పక్కన బీపీఎం రాసి, లైటు మెరిసే మెట్రోనోమ్ హైహ్యాట్ పక్కన బెట్టుకోవాలె. చెవుల క్లిక్ అక్కర్లే, కౌంట్ ఇచ్చేటప్పుడు చూసుకుంటె సాలు.

#4 ఆల్టో అక్క

హార్న్‌ల విషయం. ట్రంపెట్ వాయించేవాళ్ల దగ్గర ఫ్లూగల్‌హార్న్ ఉంటే రెండో సెట్లో సగం దాని మీదే వాయించమను. అదీ బీ ఫ్లాటే, వేళ్లు అవే, పార్టు మార్చక్కర్లేదు. నాదం మెత్తగా ఉంటుంది, లైటు ఎర్రబడదు. అది లేకపోతే కప్ మ్యూట్. చాలా మ్యూట్‌లతో శ్రుతి పైకి పోతుంది, అలా అయితే ట్యూనింగ్ స్లైడ్ కాస్త బయటికి లాగాలి, తీసేశాక మళ్లీ లోపలికి. ఇది మర్చిపోతే శాక్స్‌తో కలిపి వాయించే లైన్లన్నీ పుల్లగా వినపడతాయి. శాక్స్‌కి మ్యూట్ పెట్టి లాభం లేదు, శబ్దం గంటలోంచే (ముందున్న వెడల్పు మూతి) కాదు, రంధ్రాలన్నిటిలోంచీ వస్తుంది. మేం ఊపిరి తగ్గించుకోవాల్సిందే.

శీతాకాలమైతే వాయిద్యాలు వ్యాన్‌లో గంటల తరబడి వదిలెయ్యొద్దు. చల్లబడ్డ ఇత్తడి ఫ్లాట్‌గా (శ్రుతి కిందికి దిగి) పలుకుతుంది. తెచ్చిన వెంటనే ట్యూన్ చేస్తే, హాలు వేడెక్కేసరికి అందరూ పైకి పోతారు, కీబోర్డు మాత్రం 440 హెర్ట్జ్ దగ్గరే కూర్చుంటుంది. అయిదు నిమిషాలు ఊది, వేడెక్కాకే ట్యూన్ చెయ్యాలి. సెట్ల మధ్య బ్రేకు తర్వాత కూడా ఒకసారి చూసుకోవాలి.

ఇంకోటి, గిటారు వాళ్లు అన్ని పాటలూ ఈ (E), ఏ (A), డీ (D) శ్రుతుల్లో పెట్టేస్తారు. కాన్సర్ట్ ఈ (కీబోర్డు మీద పలికే అసలు శ్రుతి) అంటే ట్రంపెట్‌కి ఎఫ్ షార్ప్, ఆరు షార్పులు. ఆల్టోకి సీ షార్ప్, ఏడు. ఆ వేగంలో ఎవరి వేళ్లు తిరుగుతాయి? అన్నీ అర స్వరం పైకి జరిపెయ్యండి. ఈ బదులు ఎఫ్ అయితే ట్రంపెట్‌కి జీ, ఆల్టోకి డీ. ఏ బదులు బీ ఫ్లాట్ అయితే ట్రంపెట్‌కి సీ, ఆల్టోకి జీ. డీ బదులు ఈ ఫ్లాట్ అయితే ఎఫ్, సీ. గిటారు ఆయన బ్యారే కార్డులే పడతాడు కాబట్టి ఒక ఫ్రెట్ పైకి జరిగితే అయిపోయింది.

#5 బేసు బాబాయ్

అక్కా, గిటారుకి ఒక ఫ్రెట్టే గానీ మాకు ఓపెన్ ఈ తీగ పోతుందమ్మా. అయినా హార్న్‌ల కోసం ఒప్పుకుంటాం.

బేసు గురించి. చిన్న హాల్లో బేసు క్యాబినెట్ నేల మీద, మూలకి పెడితే ఒకట్రెండు స్వరాలు మాత్రం 'గుమ్'మని ఊగుతాయి, మిగతావి వినపడవు. వాకింగ్ బేసు లైన్‌లో ప్రతి స్వరమూ ముఖ్యమే, రెండు మాయమైతే పాట కుంటుతుంది. క్యాబినెట్‌ని కుర్చీ ఎత్తున లేపు, గోడకి దూరంగా జరుపు, పీఏలో 40 హెర్ట్జ్ కింద కోసెయ్యి. ఫ్లాట్‌వౌండ్ (పైన నునుపుగా ఉండే) తీగలు వేసి, టోన్ నాబ్ సగానికి తగ్గిస్తే ఆ పాత మొద్దు నాదం వస్తుంది. లిమిటర్ హాల్లో సబ్‌వూఫర్ వ్యాన్‌లోనే ఉంచెయ్యమంటాను నేను.

#6 పీఏ పంతులు

సబ్ విషయంలో బాబాయ్‌తో నాకు పేచీ ఉంది. ఆ లిమిటర్ ఏ-వెయిటింగ్‌తో (మనిషి చెవికి వినపడే తీరులో) కొలిచేదైతే కింది శబ్దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోదు. అప్పుడు సబ్ ఉంటేనే మేలు, జనానికి కడుపులో తగులుతుంది, లైటు కదలదు. సౌండ్‌చెక్‌లో బేసు, కిక్ మాత్రమే పీఏలో ఇచ్చి చూడు. లైటు ఆకుపచ్చలోనే ఉంటే సబ్ వాడుకో. నారింజకి పోతే బాబాయ్ మాటే నిజం.

హార్న్‌లకి మైకులు అక్కర్లేదని కొందరంటారు. వంద మంది హాల్లో బిగ్గరగా వినపడడానికి నిజంగానే అక్కర్లేదు. కానీ మైకు ఉంటే మెల్లగా ఊదే ధైర్యం వస్తుంది, తమ శబ్దం మానిటర్లో తమకి వినపడుతుంది కాబట్టి. మైకు లేని ట్రంపెట్ తనకి తాను వినపడాలని ఇంకా గట్టిగా ఊదుతుంది. మూడింటికీ క్లిప్ మైకులు పెట్టి, 150 హెర్ట్జ్ కింద కోసెయ్యి.

#7 నాంపల్లి ట్రంపెట్

అన్నా, హైదరాబాద్ నుంచి ఒక డౌటు. ఇక్కడ బ్యాండు మేళంల ట్రంపెట్, యుఫోనియం, క్లారినెట్ అన్నీ ఉంటయి, హార్న్‌లు మాకు కొత్త గావు. గానీ 60వ పుట్టినరోజుకి స్కా బ్యాండు అడుగుడేంది? కుర్రోళ్ల సంగీతం గాదా అది?

#8 స్లైడు మాస్టారు

లెక్క వేసి చూడండి, తేలిపోతుంది. కోవెంట్రీలో స్పెషల్స్ బ్యాండు కీబోర్డు వాద్యకారుడు జెర్రీ డామర్స్ టూ టోన్ అనే స్కా రికార్డు లేబుల్ పెట్టింది 1979లో. స్పెషల్స్, సెలెక్టర్ ఆ ఊరి బ్యాండ్లే. అప్పుడు 15 ఏళ్లున్న పిల్లలకి ఇప్పుడు 60 దాటింది. మిడ్‌లాండ్స్‌లో స్కా బ్యాండుకి వచ్చే పార్టీ బుకింగుల్లో ఈ వయసు వాళ్లవే ఎక్కువ, 60వ పుట్టినరోజులు, రిటైర్మెంట్లు, రూబీ (40వ) పెళ్లిరోజులు. నలుపు-తెలుపు గళ్ల టై కట్టుకుని వస్తారు.

కానీ మూలం జమైకాది. 1962లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల సంగీతం. స్కాటలైట్స్ 1964లో ఏర్పడింది, ఆ హార్న్ వాద్యకారుల్లో డాన్ డ్రమండ్ లాంటి కొందరు కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూల్లో నేర్చుకున్నవాళ్లు. 1966 నాటికి నడక మెల్లబడి రాక్‌స్టెడీ అయింది.

చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే సెట్‌లిస్టు కట్టేది దీంతోనే. టూ టోన్ కాలం పాటల్లో గొంతు, గిటారు ముందుంటాయి, హార్న్‌లు మధ్యమధ్య వస్తాయి. జమైకా వాయిద్య గీతాల్లో మొదటి నుంచి చివరి దాకా హార్న్‌లే. అలాంటివి వరసగా మూడు పెడితే ట్రంపెట్ ఆయన పెదవి చచ్చుబడుతుంది, నాలుగో పాటలో పై స్వరాలు పలకవు. వాయిద్య గీతం ఒకటి, తర్వాత గొంతు పాటలు రెండు, ఆ తర్వాత రాక్‌స్టెడీ ఒకటి, ఇలా అల్లండి. అన్నిటికంటే పై స్వరాలున్న పాట రెండో సెట్ మొదట్లో ఉండాలి, బ్రేకులో పెదవి తేరుకుని ఉంటుంది. ఆఖరి పాటలో పెట్టొద్దు. 45 నిమిషాలకి 12, 13 పాటలు సరిపోతాయి.

#9 కీబోర్డు కిట్టు

పంతులు గారూ, మాస్టారూ, చాలా థాంక్స్. ఇంకో ఇబ్బంది ఉంది. గిటారు చాప్ (తెంచి కొట్టే కార్డు), నా ఆర్గన్ చాప్ రెండూ ఆఫ్‌బీట్ (బీట్ల నడిమి) మీదే పడతాయి, రికార్డింగులో వింటే చప్పుడు చెదిరినట్టుంది. ఇద్దరం టైములోనే ఉన్నామని అనిపిస్తుంది మరి.

#10 గీత గిటారు

కిట్టూ, ఇది స్కా బ్యాండ్లన్నిటికీ ఉన్న రోగమే. 150 టెంపోలో బీటు నుంచి ఆఫ్‌బీట్‌కి దూరం 200 మిల్లీసెకన్లు. ఇద్దరిలో ఒకరు అందులో 30 జరిగినా చెవికి రెండు దెబ్బలుగా వినపడుతుంది. పైగా ఆర్గన్ ప్యాచ్‌కి అటాక్ (శబ్దం లేచే వేగం) నెమ్మదిగా ఉంటే నువ్వు సరిగ్గా కొట్టినా శబ్దం ఆలస్యంగా లేస్తుంది. అటాక్ సున్నాకి తెచ్చి, లెస్లీ (తిరిగే స్పీకరు ఎఫెక్టు) స్లోలో పెట్టి, రిలీజ్ (మీట వదిలాక శబ్దం సాగే సమయం) బాగా తగ్గించి చూడు. సగం జబ్బు అక్కడే పోతుంది.

రెండోది, మెట్రోనోమ్ క్లిక్‌ని బీటుగా కాకుండా ఆఫ్‌బీట్‌గా ఊహించుకుని ఇద్దరూ కలిసి సాధన చెయ్యండి. డ్రమ్స్ లేకుండా. మొదట్లో తలకిందులుగా ఉంటుంది, 100 దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

మూడోది, ఇద్దరూ ఒకే చోట కొట్టకండి. మీ గిటారు ఆయన పై మూడు నాలుగు తీగల మీదే, ఏడో ఫ్రెట్ చుట్టుపక్కల పట్టాలి. నువ్వు మధ్య సీ కింద ఉండు. లేదా ఆయన చాప్ కొట్టే పాటలో నువ్వు రెగే బబుల్ అందుకో, ఎడమ చెయ్యి ఆఫ్‌బీట్ చుట్టూ, కుడి చెయ్యి దాని మీద.

గిటారులో పొరపాటు ఎక్కువగా ఎడమ చేతిదే. కుడి చెయ్యి పైకి గీకగానే ఎడమ వేళ్ల ఒత్తిడి వదలాలి, వేళ్లు మాత్రం తీగలకి ఆనుకునే ఉండాలి. పూర్తిగా లేపేస్తే ఓపెన్ తీగలు మోగుతాయి. వదలకపోతే కార్డు సాగి ఆర్గన్‌తో కలిసి బురదవుతుంది. ఆంప్ క్లీన్‌గా ఉండాలి. 15 వాట్ల వాల్వ్ ఆంప్ డ్రమ్స్‌కి పోటీగా పెంచితే గరగర మొదలై చాప్ పదును పోతుంది. 40 వాట్ల సాలిడ్‌స్టేట్ ఆంప్ మెల్లగా వాడటం నయం. దాన్ని నేల మీద పెట్టి జనం మోకాళ్లకి వినిపించకుండా స్టాండ్ మీద వంచి వాయించేవాళ్ల చెవికి తిప్పుకోవాలి.

#11 స్లైడు మాస్టారు

ఐదు మీటర్ల స్టేజి మీద ఎనిమిది మంది పడతారు గానీ నిలబడే చోటు ముందే గీసుకోండి. ట్రాంబోన్ ఎప్పుడూ కొసనే. స్లైడ్ పూర్తిగా చాపితే ముందున్న గాయకుడి మెడకి తగులుతుంది, లేదా మైకు స్టాండుని పడేస్తుంది. ట్రంపెట్ గంట కీబోర్డు వైపు తిప్పొద్దు, కిట్టు చెవి పోతుంది. హార్న్‌ల కాళ్ల దగ్గర ఒక పాత తువ్వాలు పరవండి, నీటి కవాటం వదిలినప్పుడు ఆ తడి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదో పెడల్ మీదో పడకూడదు. బల్ల నేల ఊగే హాళ్లలో జనం స్కాంక్ (స్కా డాన్సు) మొదలుపెట్టగానే కీబోర్డు స్టాండ్ గంతులేస్తుంది. ఎక్స్ స్టాండ్ వద్దు, జెడ్ ఆకారంది తేవాలి.

#12 పీఏ పంతులు

స్టేజి శబ్దం గురించి అంటున్నారు కాబట్టి చెవుల మాట కూడా. ఇక్కడ 2005 నాటి పని ప్రదేశాల శబ్ద నియమాలు 2008 ఏప్రిల్ నుంచి సంగీత రంగానికీ వర్తిస్తున్నాయి. సగటున 85 డెసిబెల్స్ 8 గంటలు అనేది చెవి రక్షణ తప్పనిసరి అయ్యే పై స్థాయి. ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. స్నేర్‌కీ ట్రంపెట్‌కీ మధ్య నిలబడేవాళ్లకి మొదటి నాలుగు పాటల్లోనే ఆ రోజు కోటా అయిపోతుంది. 15 డెసిబెల్స్ సమంగా తగ్గించే వాద్యకారుల ప్లగ్‌లు కొనండి, నురుగు ప్లగ్‌లతో పై స్వరాలు చచ్చిపోతాయి. ఊదేవాళ్లకి ప్లగ్ పెడితే దవడ కంపనం తలలో మారుమోగుతుంది, లోతుగా దిగే రకం అయితే ఆ బాధ తగ్గుతుంది.

కరెంటు వైర్లు చుట్టిన రీల్ వాడితే మొత్తం విప్పెయ్యండి. రీల్ మీదే మోయగల వాట్లు రెండు అంకెలుగా ఉంటాయి, చుట్టి ఉంటే ఇంత, విప్పితే ఇంత అని. చుట్టి వదిలేసిన రీల్ వేడెక్కి లోపలి కటాఫ్ పడుతుంది, జనం లిమిటర్ అనుకుంటారు. హమ్ వస్తోందని ప్లగ్‌లో ఎర్త్ తీసెయ్యడం మాత్రం ఎవ్వరూ చెయ్యొద్దు. డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సరుకి కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, దాన్ని వాడండి.

#13 లెస్టర్ లెక్కలు

కాగితాల వైపు నేను. ముందు వీసా. బ్యాండులో స్టూడెంట్ వీసా వాళ్లెవరైనా ఉంటే ఆగండి. ఆ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, వృత్తి వినోదకారుడిగా పని చెయ్యడమూ కుదరదు. వారానికి 20 గంటల లెక్క ఇక్కడ అక్కరకి రాదు. మన పిల్లలు ఇది తెలియక "ఒక్క రాత్రేగా" అంటారు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తీరాలి.

పన్ను: ఒక్కొక్కరికి ఏడాదికి 1,000 పౌండ్ల ట్రేడింగ్ అలవెన్స్ ఉంది, ఖర్చులు తీసేయకముందు వచ్చిన మొత్తం మీద లెక్క. దాటితే ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబరు 5 లోపు నమోదు చేసుకోవాలి. డబ్బంతా బ్యాండు లీడరు ఖాతాలోకి వచ్చి అక్కడి నుంచి పంచితే, ఎవరికెంత వెళ్లిందో రాసి పెట్టుకోండి, లేకపోతే మొత్తం ఆయన ఆదాయంలా కనపడుతుంది.

వ్యాన్: పాత డీజిల్ అయితే దారి చూసుకోండి. యూరో 6 (పొగ ప్రమాణం) కాని డీజిల్‌కి బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్‌లో రోజుకి 8 పౌండ్లు, అలాంటిదే అయిన లండన్ యూలెజ్‌లో 12.50. రోజు అర్ధరాత్రికి మారుతుంది. సాయంత్రం వెళ్లి ఒంటిగంటకి తిరిగొస్తే రెండు రోజుల డబ్బు. కొటేషన్‌లో ఇది వెయ్యకపోతే పెట్రోలు డబ్బులు అక్కడే పోతాయి.

ఇన్సూరెన్స్: హాలు వాళ్లు పబ్లిక్ లయబిలిటీ (మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బీమా) కాగితం, వైర్లకి పీఏటీ (కరెంటు భద్రత) పరీక్ష కాగితం అడుగుతారు. ముందే పంపెయ్యండి. పబ్బులకి మీరు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇదీ తెలిసి ఉండాలి: మద్యం లైసెన్సు ఉన్న చోట ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా, 500 మందికి మించకపోతే లైవ్ సంగీతానికి విడిగా అనుమతి అక్కర్లేదు. 2012 చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది, మొదట్లో 200 మందికే ఉండేది. 11 దాటితే వేరే లెక్క.

#14 నాంపల్లి ట్రంపెట్

ఇక్కడ ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కే బంద్. లిమిటర్ లేదు, ఎస్సై గారే లిమిటర్ 😄

#15 ఆల్టో అక్క

😂😂

కిట్టూ, మర్చిపోకముందే: ఎవరికైనా జ్వరం వస్తే డెప్ (బదులు వాయించేవాళ్లు) దొరకాలంటే చార్ట్‌లు సిద్ధంగా ఉండాలి. ట్రంపెట్‌కి బీ ఫ్లాట్, ఆల్టోకి ఈ ఫ్లాట్, ట్రాంబోన్‌కి కాన్సర్ట్ పిచ్‌లో బేస్ క్లెఫ్. పాటకి రెండు పేజీలు మించొద్దు, పేజీ తిప్పే చోట కనీసం రెండు బార్‌ల విశ్రాంతి ఉండాలి. టెంపో, పాట ఎలా ముగుస్తుంది అనేవి పైనే రాయాలి, ఎందుకంటే డెప్ తడబడేది ముగింపులోనే. రికార్డులో ఫేడ్ అవుట్ అయ్యే పాటకి మీ బ్యాండు ముగింపు ఏదో డెప్‌కి ఎలా తెలుస్తుంది?

#16 బేసు బాబాయ్

కాంట్రాక్టులో "వేడి భోజనం" అని రాయించు, లేకపోతే క్రిస్ప్స్ ప్యాకెట్టు, చల్లారిన శాండ్‌విచ్చే గతి. శాకాహారులు ఎందరో అంకె కూడా వెయ్యి.

#17 కీబోర్డు కిట్టు

హాలు వాళ్లకి ఫోన్ చేశాను. మైకు స్టేజికి ఎదురు గోడ మీద ఉందట, 10 సెకన్లు ఎర్రగా ఉంటే పడుతుందట, శబ్దం తగ్గాక దానంతట అదే వస్తుందట. ఒప్పుకుందామనుకుంటున్నాం. 8:30కి మొదటి సెట్, 10కి రెండోది, 11కి హాలు ఖాళీ చెయ్యాలి.

#18 పీఏ పంతులు

ఎదురు గోడ, 10 సెకన్లు అంటే బాగానే ఉంది. స్నేర్ దెబ్బలకి భయం లేదు, ఏకబిగిన సాగే హార్న్ లైన్లే చూసుకోవాలి. శబ్దం తగ్గితేనే కరెంటు వస్తుంది కాబట్టి, పడిన వెంటనే డ్రమ్స్, హార్న్‌లు ఊపు మీద సాగదీయకుండా ఆపెయ్యాలి. చాలా బ్యాండ్లు అక్కడే మొండికేసి నిమిషాల తరబడి కరెంటు లేకుండా ఉంటాయి.

కానీ 11కి ఖాళీ అంటే వాయించడం ఆపడమా, తలుపు తాళం వెయ్యడమా అడుగు. రెండోదైతే 10:15కే ఆపాలి. ఎనిమిది మంది సామాను ఎత్తడానికి 45 నిమిషాలు పడుతుంది.

#19 స్లైడు మాస్టారు

పైగా కేకు, ఉపన్యాసాలు, బఫే ఎప్పుడూ అనుకున్న టైముకి అవ్వవు. అరగంట జారి మీ రెండో సెట్ మీద పడుతుంది. కాంట్రాక్టులో "రెండు సెట్లు 45 నిమిషాలు" అని మాత్రమే కాక, ముగించే గడియ కూడా వేయించు. రెండో సెట్లో తీసేయదగ్గ మూడు పాటల పక్కన సెట్‌లిస్టులోనే చుక్క పెట్టి అందరికీ ఇవ్వండి. అన్నీ ఒకే శ్రుతిలో ఉన్నవి కాకుండా చూడండి. గాయకుడు ఏ పాట ఎగిరిపోయిందో వేలితో చూపిస్తే చాలు, హార్న్‌లు పేజీలు తిప్పుకుంటారు.